సోమవారం ఎనిమిది గంటల వాచ్: మా సంఘం కొన్న బారోగ్రాఫ్

నౌకాదళంలో వాతావరణ సూచనలు చెప్పే పనిచేసి రిటైరైన వాళ్ల సంఘానికి నాలుగేళ్లుగా నేను అధ్యక్షుణ్ణి. మా గదిలో బారోగ్రాఫ్, అంటే గాలి పీడనం మార్పును కాగితం మీద గీతగా గీసే పరికరం, పెట్టి ఏడాది రెండు నెలలైంది. కొనేముందు దీని గురించి వాడినవాళ్లు రాసింది చదువుదామని చాలా వెతికాను. అలంకారం కోసం కొన్నవాళ్ల మాటలే దొరికాయి. రోజూ చూసేవాళ్లకు ఇది ఎలా ఉంటుందో రాయాలని అప్పుడే అనుకున్నాను.

ముందు దీన్ని ఎందుకు కొన్నామో చెప్పాలి. అది చెప్పకుండా వస్తువు మంచీ చెడూ చెబితే సగమే చెప్పినట్టు.

మాది చిన్న వృత్తి. పెద్ద ఓడలో కూడా ఇంజన్ గదిలో పనిచేసేవాళ్లు పదుల్లో ఉంటే, వాతావరణం చూసే మెట్ ఆఫీసులో ఉండేది కొద్దిమందే. చిన్న ఓడల్లో అసలు ఉండరు. అందుకే రిటైరయ్యాక ఇంట్లో గానీ వీధిలో గానీ మా పని తెలిసినవాడు కనిపించడు. రాత్రి రెండు గంటలకు చార్టు మీద సమపీడన రేఖలు (ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు) గీసి, తెల్లవారేలోపు "హెలికాప్టర్లు ఎగరొచ్చా, వద్దా" అని కెప్టెన్ ముందు నిలబడి చెప్పడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పుకుంటాం? సంఘం ఉన్నది అందుకు.

కానీ నేను బాధ్యత తీసుకునేసరికి జాబితాలో 63 పేర్లున్నా నెలవారీ సమావేశానికి వచ్చేది తొమ్మిది, పది మంది. పెన్షన్ కాగితాల గురించి మాట్లాడుకునేవాళ్లం, పోయినవాళ్ల పేర్లు చదివేవాళ్లం, టీ తాగి వెళ్లిపోయేవాళ్లం. రానివాళ్లకు ఫోన్ చేస్తే "వచ్చి నేనేం చేయాలి సార్?" అనేవాళ్లు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఒక సమావేశంలో విమానవాహక నౌక మీద ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దాయన ఒకరు మాటల మధ్యలో అన్నారు: "నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సముద్రం కాదండీ, బారోగ్రాఫ్ మీద ఆ గీత." గదిలో ఎవరూ మాట్లాడలేదు. అందరికీ అదే గుర్తొచ్చినట్టుంది. అక్కడే నిర్ణయమైపోయింది.

కోశాధికారి గారు న్యాయమైన ప్రశ్నే అడిగారు. చాలా ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది, గోడకు పెట్టుకునే డిజిటల్ వాతావరణ పరికరాలూ ఉన్నాయి, మరి ఇదెందుకు? నిజానికి అలాంటి డిజిటల్ పరికరం మా గదిలో అప్పటికే ఉంది, ఎవరో బహుమతిగా ఇచ్చింది. అంకె సరిగ్గానే చూపిస్తుంది. ఎవరూ దానివైపు చూడరు. మా వృత్తిలో పీడనం ఎంత అన్నది సగం సమాచారమే. ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నదే అసలు విషయం. పీడనం 1005 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనానికి కొలమానం) అని అంకె చెబితే అది మంచిదో చెడ్డదో తెలియదు. మూడు గంటల క్రితం 1009 ఉండి ఇప్పుడు 1005 అయిందంటే కుర్చీలోంచి లేవాలి. ఓడలు పంపే వాతావరణ నివేదికలో కూడా గడిచిన మూడు గంటల్లో పీడనం ఎంత మారిందో, పడి లేచిందా, లేచి పడిందా, ఒకే తీరుగా దిగిందా అన్నదానికి విడిగా కోడ్ ఉంటుంది. ఆ కోడ్ రాసేది బారోగ్రాఫ్ గీత చూసే.

తెలియనివాళ్ల కోసం దీని నిర్మాణం. గాలి తీసేసిన పలుచటి లోహపు డబ్బీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బయట పీడనం పెరిగితే అవి నొక్కుకుంటాయి, తగ్గితే ఉబ్బుతాయి. వెంట్రుకవాసి కదలికను మీటలు పెద్దది చేసి ఒక పొడవాటి చేతికి అందిస్తాయి. చేయి చివర పెన్ను. పెన్ను ముందు వారానికి ఒక చుట్టు తిరిగే డ్రమ్, దాని మీద కాగితం చార్టు. ద్రవం అక్కర్లేని ఈ డబ్బీ పద్ధతిని లూసియన్ విడీ అనే ఫ్రెంచి ఆయన 1844లో తెచ్చాడు. అంతకుముందు పాదరసం గొట్టాలే. ఊగే ఓడలో పాదరసం పైకీ కిందికీ తన్నుకుంటుంటే దాన్ని చదవడం ఎంత కష్టమో మాలో పెద్దవాళ్లకు తెలుసు.

మేం తీసుకున్నది ఇత్తడి, గాజు పెట్టెలో ఉండే రకం. చార్టు 950 నుంచి 1050 హెక్టోపాస్కల్స్ వరకు. మా పెద్దలు ఇప్పటికీ మిల్లీబార్లనే అంటారు, రెండూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. గడియారం విషయంలో అమ్మినవాళ్లు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ యంత్రం తీసుకోమన్నారు, నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదని. మేం వద్దన్నాం. ఎనిమిది రోజులు నడిచే, కీ ఇవ్వాల్సిన పాత రకమే అడిగి తీసుకున్నాం. వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి తీరాలి. నాకు కావలసింది అదే.

పెట్టె వచ్చిన రోజు సంతోషం కాసేపే. పెన్ను చేయి వంగిపోయి ఉంది. డ్రమ్‌ను విడిగా చుట్టి పంపాల్సింది, లోపలే వదిలేశారు. దారిలో అది కదిలి చేతికి తగిలింది. అమ్మినవాళ్లు మాట కాదనకుండా కొత్త చేయి పంపారు గానీ మూడు వారాలు పట్టింది. ఎవరైనా కొంటే, డ్రమ్ తీసి వేరేగా ప్యాక్ చేసి పంపమని ముందే గట్టిగా చెప్పండి. వెంట వచ్చిన సూచనల కాగితం అక్షరాలు ఎంత చిన్నవంటే, మా సభ్యుల్లో ఒక్కరు కూడా భూతద్దం లేకుండా చదవలేకపోయారు. నేను దాన్ని పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించాను.

అమర్చడం మాకు తెలిసిన పనే. అయినా కొత్తవాళ్లకు రెండు మాటలు. పరికరాన్ని ఎండ పడే కిటికీ దగ్గర పెట్టొద్దు. తలుపు ధడాలున పడే గోడకు పెట్టొద్దు, ప్రతిసారీ గీతలో ఒక గాటు పడుతుంది. ఇంట్లోనే ఉంచొచ్చు, గదిలోపలా బయటా పీడనం దాదాపు ఒకటే. మీరున్న ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. సముద్రమట్టం దగ్గర ప్రతి 8 మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. మా గది దాదాపు 40 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే 5 హెక్టోపాస్కల్స్ తేడా. దగ్గర్లోని విమానాశ్రయం ప్రకటించే క్యూఎన్‌హెచ్ విలువ (సముద్రమట్టానికి లెక్కగట్టిన పీడనం) చూసి, పైనున్న మరను మెల్లగా తిప్పి ఆ అంకె మీదికి పెన్నును తెచ్చాం. గాలి నిలకడగా ఉన్న రోజు చూసుకుని చేయాలి ఆ పని. తర్వాత నెలల్లో పోల్చి చూస్తే ఎక్కువసార్లు ఒక హెక్టోపాస్కల్ లోపే తేడా. ఈ విషయంలో నాకు పూర్తి తృప్తి.

గడియారం మాత్రం మొదట వారానికి ఇరవై అయిదు నిమిషాలు వెనకబడింది. లోపల చిన్న మీట ఉంటుంది, దాన్ని రెండుమూడు వారాల్లో కొంచెం కొంచెంగా జరిపి అయిదు నిమిషాల్లోపుకు తెచ్చాం. డ్రమ్‌ను సరైన సమయానికి పెట్టేటప్పుడు పళ్ల చక్రాల మధ్య ఉండే సందును ఒకవైపుకు నొక్కి తీసేయాలి. లేదంటే చార్టు మార్చగానే మొదటి పావుగంట డ్రమ్ కదలదు, సమయం తప్పు పడుతుంది. మా వాళ్లలో కొందరు ఇది మర్చిపోయారు, గుర్తుచేయగానే చేతులకు పాత అలవాటు తిరిగొచ్చింది.

ఇక ఆ గీత గురించి. మొదటి సోమవారం చార్టు వేశాం. రెండో సోమవారం దాన్ని తీసి బల్ల మీద పరిచినప్పుడు పద్నాలుగు మంది గుమిగూడారు. వాతావరణం ప్రశాంతంగా ఉన్న వారం అది. గీతలో రోజుకు రెండు అలలు. ఉదయం పది గంటల దగ్గర శిఖరం, సాయంత్రం నాలుగు దగ్గర లోయ, మళ్లీ రాత్రి పదికి శిఖరం, తెల్లవారుజామున నాలుగుకు లోయ. ఇది ఉష్ణమండలంలో గాలి ఊపిరి. శిఖరానికీ లోయకూ తేడా మూడు హెక్టోపాస్కల్స్ అటూఇటూ. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఈ అల చిన్నదవుతుంది, అక్కడ వరసగా వచ్చే అల్పపీడనాల కదలికలో కలిసి కనిపించకుండా పోతుంది. ఏడు రోజులు, పద్నాలుగు అలలు, పంటి వరసలా. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత చూస్తున్నానన్నారు.

ఆ అలలే ఒకసారి మా పరువు కాపాడాయి. వర్షాకాలంలో ఒక సోమవారం చార్టు మార్చాక, మంగళవారం మధ్యాహ్నం గదికి వచ్చిన సభ్యుడొకరు నాకు ఫోన్ చేశారు. "సార్, గీత చదునుగా ఉంది. నిన్నటి నుంచి 1006 మీదే నిలబడింది." నేను వాతావరణం స్థిరంగా ఉందేమో అన్నాను. ఆయన గొంతు పెంచారు: "స్థిరంగా ఉన్నా రోజుకు రెండు అలలు రావాలి కదండీ! అల లేదంటే తప్పు గాలిది కాదు, పెన్నుది." వెళ్లి చూస్తే నిజమే. చార్టు మార్చినప్పుడు ఎవరో పెన్నును కాగితానికి గట్టిగా ఒత్తుకునేలా వదిలారు. ఆ ఒత్తిడికి పెన్ను అతుక్కుపోయింది. సరిచేసే పద్ధతి సులువు. పరికరాన్ని మెల్లగా ముందుకు వంచాలి. సుమారు ముప్పై డిగ్రీలు వంగేసరికి పెన్ను తనంతట తాను కాగితం నుంచి విడిపోవాలి. విడిపోకపోతే ఒత్తిడి ఎక్కువ, ముందే విడిపోతే తక్కువ. ఇప్పుడు ప్రతి సోమవారం ఆ పరీక్ష చేశాకే లాగ్ పుస్తకంలో సంతకం.

ఆ రోజు సాయంత్రం మాటల్లో మౌరీన్ ఫ్లావిన్ పేరు వచ్చింది. ఐర్లాండు పడమటి తీరంలో బ్లాక్‌సాడ్ అనే చోట పోస్టాఫీసులో పనిచేసిన అమ్మాయి. 1944 జూన్ 3న ఆమెకు 21 ఏళ్లు నిండాయి. ఆ తెల్లవారుజామున ఆమె బారోమీటరు పడిపోతోందని నివేదిక పంపింది. లెక్క సరిచూసి మళ్లీ చెప్పమని ఇంగ్లండు నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ చూసి అదే అంకె చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో మిత్రదేశాల సైన్యాన్ని దించే పని జూన్ 5 నుంచి 6కు వాయిదా పడటంలో ఆ రీడింగుకు పాత్ర ఉంది. ఎందుకు అడిగారో ఆమెకు చాలా ఏళ్ల వరకు తెలియదు. 2023లో నూరేళ్ల వయసులో పోయింది. ఆమె నౌకాదళంలో లేకపోయినా మా వార్షిక సంస్మరణలో ఆమె పేరు చదువుతాం. అంకెను నమ్మే ముందు మళ్లీ చూడటం మా వృత్తిలో భాగం.

వాచ్ జాబితా గురించి చెప్పాలి. వాచ్ అంటే ఓడలో వంతులవారీగా చేసే డ్యూటీ. ఇదే నాకు ఈ వస్తువు ఇచ్చిన అసలు లాభం. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఇద్దరు. ఒకరు గడియారానికి కీ ఇస్తారు, ఇంకొకరు చార్టు చుడతారు. తర్వాత లాగ్ పుస్తకంలో పీడనం, మూడు గంటల మార్పు, గాలి దిశ, గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ స్కేలులో దాని అంకె, ఆకాశంలో ఎనిమిదింట ఎన్ని వంతులు మబ్బు అన్నీ రాయాలి. పేర్లు మూడు నెలల ముందే వేసి అందరికీ పంపుతాను. "రండి" అని అడగను. "మీ వాచ్ ఫలానా తేదీన" అని చెబుతాను. సమావేశాలకు మూడేళ్లుగా రానివాళ్లు వాచ్‌కు వచ్చారు. భార్య పోయాక గుమ్మం దాటని ఒకాయన తన తేదీ నాడు ఏడున్నరకే వచ్చి తలుపు తీసేవాళ్ల కోసం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిలు. ఇప్పుడు ఎవరైనా రాలేకపోతే ముందు ఆయనకే ఫోన్ చేస్తాను.

చేతులు వణికేవాళ్లున్నారు. కాగితాన్ని డ్రమ్ కింది అంచుకు ఆనించి, రెండు చివరలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టీ కింద దూర్చడం వాళ్లకు కష్టం. అందుకే ఇద్దరిని వేసింది. ఇలాంటి సంఘం నడిపే వేరే అధ్యక్షులు ఎవరైనా దీన్ని చదువుతుంటే నా మాట వినండి. పని చిన్నదైనా సరే, జంటగా ఇవ్వండి. ఒంటరిగా ఇచ్చిన పనికి భయపడి రానివాళ్లు జంటగా ఇస్తే వస్తారు.

దూరంగా ఉన్నవాళ్లకు ప్రతి సోమవారం దించిన చార్టు ఫొటో పంపిస్తాం. ఇది నేను ఊహించనంత పనిచేసింది. ఒక వారం ఫొటో వెళ్లిన పది నిమిషాలకు, మంచం మీద నుంచి లేవలేని ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "గురువారం సాయంత్రం అయిదింటికి గీత ఉన్నట్టుండి రెండు మిల్లీబార్లు ఎగిరింది. ఉరుముల గాలివాన వచ్చిందా? గాలి ఏ దిక్కు నుంచి తిరిగింది?" వచ్చింది. గాలివాన ముందు నేలకు దిగే చల్లగాలి బరువుకు పీడనం అలా ఎగురుతుంది. ఆయన ఉన్నచోట ఆ రోజు చినుకు కూడా పడలేదు. అంత దూరం నుంచి, ఫోన్ తెర మీద, అర సెంటీమీటరు కూడా లేని గాటు చూసి చెప్పారు. వాళ్ల అమ్మాయి తర్వాత నాతో, "నాన్నగారు ఇప్పుడు సోమవారం ఎప్పుడొస్తుందని అడుగుతున్నారండీ" అంది.

పిల్లలు కూడా వస్తున్నారు. ఒకాయన మనవడు "తాతా, ఇన్ని శాటిలైట్లు ఉండగా ఇదెందుకు?" అని అడిగాడు. తాతగారు కోప్పడలేదు. 1944 డిసెంబరు 18న పసిఫిక్‌లో అడ్మిరల్ హాల్సీ నడిపిన అమెరికా నౌకాదళం టైఫూన్‌లో చిక్కుకున్న సంగతి చెప్పారు. హల్, స్పెన్స్, మొనాగన్ అనే మూడు డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) మునిగాయి, 790 మంది దాకా చనిపోయారు. వాతావరణం చూసే మొదటి శాటిలైటు టైరాస్ 1960లో ఎగిరింది, అప్పటికి ఇంకా పదిహేనేళ్ల పైమాటే. దూరం నుంచి వచ్చే హెచ్చరికల కోసమే ఎదురుచూడకుండా, ప్రతి కెప్టెన్ తన ఓడ మీది సూచనలను తానే గమనించుకోవాలని పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ ఆ తర్వాత తన అధికారులకు రాశారు. శాటిలైటు పైనుంచి మబ్బును చూపిస్తుంది, నీ నెత్తిమీది గాలి బరువు ఎంతో ఈ డబ్బీ చెబుతుంది, రెండూ కావాలి అన్నారు తాతగారు. తర్వాత మనవడి చేత కీ ఇప్పించారు.

లోపాలు ఇంకా ఉన్నాయి. వెంట వచ్చిన చార్టు కాగితం సిరా పీల్చేస్తుంది, గీత లావుగా పడి అరగంట తేడాలు కనిపించవు. వేరే చోట నున్నటి కాగితం తెప్పించాం, గీత సన్నబడింది. పెట్టె మూత అతుకు వదులు. ఓడల్లో వాడే రకానికి కుదుపును ఆపే నూనె తొట్టి ఉంటుంది, దీనికి లేదు. గదిలో వాడకానికి దాని అవసరం రాలేదు, పడవలో పెట్టుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఇది కొనొద్దు. వారానికోసారి చేయి పెట్టే ఓపిక లేనివాళ్లు కూడా కొనొద్దు, కీ ఇవ్వడం మానేస్తే ఇది అందమైన పెట్టె మాత్రమే.

బారోగ్రాఫ్ వాడినవాళ్లకు టైమ్ మార్క్ అంటే తెలుసు. ఒక నిర్ణీత సమయంలో పెన్ను చేతిని వేలితో కొంచెం కదిపితే గీత మీద చిన్న నిలువు గాటు పడుతుంది. గడియారం సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి అది. ఫిబ్రవరిలో, గురువారం గాలివానను ఫొటో చూసి చెప్పిన ఆ పెద్దాయన పోయారు. కబురు వచ్చినప్పుడు గదిలో ముగ్గురం ఉన్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వాళ్లలో ఒకరు లేచి, పెట్టె మూత తీసి, వేలితో పెన్నును ముట్టుకున్నారు. పుస్తకంలో సమయం రాశారు, 11:40. ఆ వారం చార్టు దించాక వెనక తేదీలు వేసి, అందరం సంతకాలు పెట్టి, వాళ్ల అమ్మాయికి ఇచ్చాం. నకలు మా దగ్గర ఫైల్లో ఉంది.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటీ ప్యాకింగుకూ కాగితానికీ. పరికరం మీద నాకు ఫిర్యాదు లేదు. పోయిన సంవత్సరం చార్టులు 52 అయిపోయాయి, రెండో కట్ట విప్పాం. వాచ్ జాబితాలో ఇప్పుడు 31 పేర్లు. వచ్చే సోమవారం ఆ మెట్ల మీద కూర్చున్న ఆయనతో పాటు నా పేరు ఉంది. ఏడున్నరకే వెళ్లాలి.